పాల వ్యానులో డీజిల్ ఉష్ణోగ్రత సెన్సరు: లోపం కనిపెట్టడమెలా?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడంటే బైలాలు, వాటాధనం, ఆడిట్ అభ్యంతరాలు అని మొదలుపెడతాడని మీకు తెలుసు. ఈరోజు ఆ జోలికి పోను. పాలు మోసే బండి గురించి, ఆ బండి ఇంజనులో చిటికెనవేలంత ఉండే ఒక వస్తువు గురించి చెబుతాను. దాని మూలంగా ఒక సంఘానికి చేతి డబ్బు పోయింది, ఒక పూట పాలు పోయాయి, ఒక డ్రైవరుకు దొంగ అన్న పేరు వచ్చింది. ఆ పేరును కాగితం మీద పెట్టినవాణ్ణి నేనే. అందుచేత దాచకుండా చెప్పవలసినవాణ్ణి కూడా నేనే.

సంఘం పేరు చెప్పను. నగరానికి దక్షిణాన ఉన్నది. సొంత వ్యాను ఉంది, 2018 మోడల్, కామన్ రైల్ డీజిల్ ఇంజను. రోజుకు రెండు పూటలా 62 కిలోమీటర్ల చొప్పున తిరిగి, పల్లెల్లో క్యాన్లు ఎత్తుకొని శీతలీకరణ కేంద్రానికి చేరుస్తుంది. 2023 వేసవిలో నేను తనిఖీకి పోయి లాగ్ బుక్ తిరగేశాను. అంతకు ముందు లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చిన బండి మూడు నెలలుగా పదకొండున్నర ఇస్తున్నది. నెలకు 3,720 కిలోమీటర్లు. లెక్క కడితే నెలకు దాదాపు 58 లీటర్లు, మూడు నెలలకు 173 లీటర్లు ఎక్కువ కాలింది. లీటరు 98 రూపాయల చొప్పున సుమారు 17 వేలు. "అధిక వినియోగమునకు సంతృప్తికరమైన సంజాయిషీ లేదు. బాధ్యుల నుండి వసూలు చేయవలెను" అని రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. బాధ్యులంటే డ్రైవరు. ఆ సొమ్ము అతని నెల జీతం కంటే ఎక్కువ.

అతను వచ్చి, "సార్, బండి గంట సేపు బాగానే పోతది. తరువాత గుంజదు. పొద్దున పొగ కొడతది, ఎండ ఎక్కినంక నీరసపడతది" అన్నాడు. నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. డీజిల్ అమ్ముకున్నవాళ్ళు చెప్పే మాటలు నా సర్వీసులో చాలా విన్నాను మరి. నిజానికి అతను చెప్పిన ఆ రెండు ముక్కల్లోనే రోగమంతా ఉన్నది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసినవాణ్ణి, నాకే తట్టి ఉండవలసింది. కాని నేను చదివిన రోజుల్లో డీజిల్ పంపు అంటే పూర్తిగా ఇనుప వ్యవహారం. పళ్ళచక్రాలు, స్ప్రింగులు, గవర్నరు. అందులో డీజిల్ ఎంత వేడిగా ఉందో అడిగేవాడు లేడు.

ఇప్పటి ఇంజను అడుగుతుంది. ఎందుకు అడుగుతుందో పాల సంఘంలో ఉన్నవారికి చెప్పడం నాకు చాలా సులువు, ఎందుకంటే ఆ పని మీరు రోజూ చేస్తున్నారు.

లాక్టోమీటరు వేసేటప్పుడు పక్కన థర్మామీటరు ఎందుకు పెడతారు? పాలు వెచ్చబడితే పలుచబడతాయి, లాక్టోమీటరు కిందికి దిగుతుంది, రీడింగు తక్కువ చూపుతుంది. దాని గాజు మీద రాసిన డిగ్రీకి మించి ప్రతి ఫారన్‌హీట్ డిగ్రీకి 0.1 కలుపుతాం. పది డిగ్రీలు ఎక్కువుంటే ఒకటి కలపాలి. 27 చూపిన పాలు 28 అవుతాయి. ఇప్పుడు ఆ థర్మామీటరు చెడిపోయి, పాలు చల్లగా ఉన్నా పది డిగ్రీలు ఎక్కువ చూపించిందనుకోండి. టెస్టరు నిజాయితీగానే ఒకటి కలుపుతాడు. నీళ్ళు కలిసిన 26 పాలు 27 అని రిజిస్టరుకెక్కుతాయి. లాక్టోమీటరు తప్పు లేదు, టెస్టరు తప్పు లేదు, లెక్క మాత్రం తప్పు.

డీజిల్ కథ కూడా ఇదే. ఇంధనం 30 డిగ్రీల నుంచి 70 డిగ్రీల సెంటీగ్రేడుకు పోతే అదే లీటరు బరువు 3 శాతానికి పైగా తగ్గుతుంది. ఇంజనుకు కావలసింది బరువు, ఇంజెక్టరు కొలిచి పోసేది పరిమాణం. అందుకని ఇంజను కంప్యూటరు డీజిల్ వేడిని చూసి, వేడిగా ఉంటే ఇంజెక్టరును కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. రెండో కారణం కూడా ఉన్నది. అధిక ఒత్తిడి పంపుకు నూనె వేరే ఉండదు, లోపల పారే డీజిలే దానికి నూనె. మరీ వేడెక్కి పలుచబడితే పంపు అరిగిపోతుంది. అందుచేత డీజిల్ ఒక హద్దు దాటి వేడెక్కిందని తెలియగానే కంప్యూటరు ఇంజెక్టరును బిగబట్టి బలం తగ్గిస్తుంది. హద్దు ఏ డిగ్రీ అన్నది కంపెనీని బట్టి మారుతుంది.

ఈ వేడి సంగతి చెప్పేదే డీజిల్ ఉష్ణోగ్రత సెన్సరు. పంపు దగ్గరో, ఇంజను నుంచి ట్యాంకుకు తిరిగి పోయే గొట్టంలోనో బిగించి ఉంటుంది. దాని కొసలో థర్మిస్టర్ అనే పూస ఉంటుంది. చల్లగా ఉంటే దాని గుండా విద్యుత్తు కష్టంగా పోతుంది, వేడెక్కేకొద్దీ సులువుగా పోతుంది. రెండు తీగలు. అంతకు మించి అందులో ఏమీ లేదు.

ఇక మన బండి. మే నెలలో ఒక మధ్యాహ్నం ఎక్కుడు దారిలో అది పూర్తిగా నీరసపడింది. లోపల ఉదయం పాలు, ఆరు క్యాన్లు, 240 లీటర్లు. డ్రైవరు చెట్టు కింద ఆపి, ఇంజను చల్లారాక మళ్ళీ కదిలి, మళ్ళీ ఆగి, శీతలీకరణ కేంద్రం చేరేసరికి సి.ఓ.బి. పరీక్షలో పాలు విరిగాయి. ఆ ఆరు క్యాన్లు డాక్ మీదనే నిలిచిపోయాయి. పొదుగు నుంచి వచ్చేటప్పుడు పాల వేడి దాదాపు 37, 38 డిగ్రీలు. దాన్ని 4 డిగ్రీలకు దించేదాకా ప్రతి నిమిషం మనది కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. సుమారు పదివేల రూపాయల పాలు. పాలకవర్గం ఆ నష్టాన్ని పదిహేను రోజుల బిల్లులో అందరికీ సర్దింది. రెండు లీటర్లు పోసే ఆమెకూ కోత పడింది, ఇరవై లీటర్లు పోసే ఆయనకూ కోత పడింది.

సంఘం బండిని ఒక వర్క్‌షాపుకు పంపింది. వాళ్ళు స్కానరు పెట్టి చూశారు, లోపం కోడ్ ఏదీ లేదన్నారు. బోర్డు మీద చెక్ ఇంజన్ దీపం కూడా వెలగలేదు. కోడ్ లేదు గనుక ఇది యాంత్రిక లోపమేనని తేల్చి, డీజిల్ ఫిల్టరు మార్చారు, ఇంజెక్టర్లు విప్పి శుభ్రం చేశారు, పంపు దించి బాగు చేయించారు. 38 వేల బిల్లు. బండి వచ్చిన నాలుగో రోజున మళ్ళీ అదే నీరసం.

ఈ దశలో డ్రైవరు ఒక పని చేశాడు. తన మీద రికవరీ ఉన్నది గనుక పట్టుదలగా తిరిగాడు. తెలిసినవాళ్ళ ద్వారా శాలిబండలో ఒక ఉస్తాద్ ఉన్నాడని, బండి వైరింగు పనిలో గట్టివాడని తెలుసుకున్నాడు. నా దగ్గరికి వచ్చి, "సార్, మీరు కూడా రండి. మీ కళ్ళతో చూడండి" అని పిలిచాడు. అతను అలా పిలవకపోతే నేను పోయేవాణ్ణి కాదు, ఈ ప్రసంగమూ ఉండేది కాదు.

శాలిబండ తెలియనివారికి చెబుతున్నాను. చార్మినారు దాటి దక్షిణంగా, అలియాబాద్, ఫలక్‌నుమా వైపు పోయే రోడ్డు మీద, పాత దేవిడీ గడియార స్తంభం ఉన్న చోటు. ఒక పక్క నాగులచింత, గౌలీపురా. గౌలీలంటే పశువులు మేపి పాలు అమ్ముకొనే వాళ్ళే కదా, పాల మనుషులకు ఆ పేట పేరు వింటేనే చుట్టరికం కలిసినట్టుంటుంది. ఉస్తాద్ షెడ్డు ఒక గల్లీలో. బండి నిలిపితే మనిషి పక్కకు తిరిగి నడవాలి.

మేము సాయంత్రం చేరాం. అతను ఇంజను మూత తెరవలేదు. డ్రైవరును కూర్చోబెట్టి పావుగంట ప్రశ్నలడిగాడు. పొద్దున పొగ ఏ రంగు? నల్లగా. నీరసం ఎంతసేపటికి? గంటకు. ఆపి చల్లార్చితే బాగవుతుందా? అవుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడూ అంతేనా? అంతే. అన్నీ విని, "బండి ఇక్కడే వదలండి సాబ్. రాత్రంతా నిలబడనీయండి. పొద్దున నేను వచ్చేదాకా ఎవరూ తాళం తిప్పవద్దు" అన్నాడు. నాకు విసుగు వేసింది. పని చేయకుండా రాత్రంతా నిలబెట్టడమేమిటి అనుకున్నాను.

మర్నాడు ఉదయం ఆరింటికి అతను ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పి స్కానరు పెట్టాడు. కోడ్‌ల పేజీ చూడనే లేదు. నడిచే రీడింగుల పేజీ తెరిచి మూడు అంకెలు నాకు చూపించాడు. రేడియేటరు నీటి వేడి 29. లోపలికి పోయే గాలి వేడి 30. డీజిల్ వేడి 71.

"రాత్రంతా ఒకే షెడ్డులో నిలబడ్డ బండి సాబ్. నీళ్ళకు 29, గాలికి 30, డీజిల్‌కు మాత్రం 71 ఎక్కడి నుంచి వచ్చింది?"

సోదరులారా, ఈ పరీక్షకు స్కానరు తప్ప ఖర్చేమీ లేదు. రాత్రి నిలిపిన బండిలో తెల్లవారి ఈ మూడు రీడింగులు నాలుగైదు డిగ్రీల తేడాలో కలవాలి. ఒకటి విడిగా నిలబడితే అబద్ధమాడేది అదే. ఇంజను నడిచిన తరువాత చూస్తే ఈ సంగతి దొరకదు, అప్పుడు మూడూ వేరువేరుగానే ఉంటాయి. వర్క్‌షాపువాళ్ళు చూసింది వేడి బండిని.

మరి కోడ్ ఎందుకు రాలేదు? దీనికి కంప్యూటరు తెలివి ఎంతో తెలియాలి. తీగ తెగితే, ప్లగ్గు ఊడితే వోల్టేజి 5 వోల్టుల దాకా లేస్తుంది. అంత చలి లోకంలో ఉండదని కంప్యూటరుకు తెలుసు, పి 0183 కోడ్ వేసి దీపం వెలిగిస్తుంది. తీగ అరిగి బాడీకి తగిలితే వోల్టేజి సున్నాకు పడిపోతుంది, అప్పుడు పి 0182. చచ్చిన సెన్సరును కంప్యూటరు పట్టుకోగలదు. ఈ సెన్సరు చావలేదు. 71 డిగ్రీలంటున్నది, డీజిల్ 71 డిగ్రీలు ఉండగలదు. కొన్ని బండ్లలో పక్క సెన్సర్లతో పోల్చి చూసి పి 0181 వేసే ఏర్పాటు ఉంటుంది. అన్నింటిలో ఉండదు, ఉన్నా వెంటనే వెయ్యదు. మన సంఘాల్లో నిత్యం అర కిలో తప్పు తూచే కాంటా కంటే ఆగిపోయిన కాంటా నయమని నేను ఎన్నిసార్లు అన్నానో, ఆ పూట నా మాట నాకే గుర్తొచ్చింది.

తరువాత అతను సెన్సరు ప్లగ్గు పీకాడు. స్కానరులో అంకె 71 నుంచి మైనస్ 40కి దూకింది. ఇది మంచి గుర్తు. తీగలు ఎక్కడైనా ఒరుసుకొని భూమికి తగిలి ఉంటే ప్లగ్గు పీకినా వేడి చూపుతూనే ఉండేది. చిన్న తీగ ముక్కతో ప్లగ్గులోని రెండు కొసలు కలిపాడు, అంకె పూర్తిగా పై కొసకు పోయింది. అంటే తీగలు బాగున్నాయి, కంప్యూటరు బాగున్నది. (ఇది తెలిసినవారే చేయాలి. పక్కనే వేరే సెన్సర్ల ప్లగ్గులుంటాయి, వాటిలో కొసలు కలిపితే కొత్త ఖర్చు వస్తుంది.) మల్టీమీటరు సెన్సరు మీద పెడితే 420 ఓంలు చూపింది. ఆ రకం సెన్సరు 29 డిగ్రీల వద్ద 1,800 ఓంల దగ్గర ఉండాలి. 420 అన్నది 71, 72 డిగ్రీలకు రావలసిన అంకె.

అయినా నా ఆడిట్ బుద్ధి పోదు కదా. "ఉస్తాద్, మీ మీటరే తప్పయితే?" అని అడిగాను. అతను కోప్పడలేదు. కుర్రాణ్ణి హోటలుకు పంపి ఒక స్టీలు గ్లాసులో వేడినీళ్ళు తెప్పించాడు. సెన్సరు విప్పి, కొత్త సెన్సరు ఒకటి పక్కన పెట్టి, రెండింటి కొసలు నీళ్ళలో ముంచాడు. థర్మామీటరు కావాలన్నాడు. నా సంచీలో తనిఖీకి తీసుకుపోయే పాల థర్మామీటరు ఉన్నది, అదే ఇచ్చాను. నీళ్ళు 60 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు కొత్తది 600 ఓంలకు దగ్గరగా చూపింది, పాతది 140. నీళ్ళు చల్లారి 40కి దిగేసరికి కొత్తది 1,200కు కాస్త తక్కువ. పాతది అప్పటికీ మూడు వందల లోపే. అదే మీటరు, అవే నీళ్ళు, నా థర్మామీటరు. ఇక అడగడానికి ఏమీ మిగలలేదు. ఆ థర్మామీటరును మళ్ళీ పాలలో పెట్టలేదు, ఇంట్లో ఉన్నది.

ఈ అంకెలు రాసుకొని పోయి మీ బండికి వర్తింపజేయకండి. ప్రతి కంపెనీకి తన పట్టిక ఉంటుంది, అది తెచ్చుకోండి. పోల్చే పద్ధతి మాత్రం ఏ బండికైనా ఒకటే.

డ్రైవరు చెప్పిన రెండు ముక్కలకు ఇప్పుడు అర్థం కుదిరింది. పొద్దున డీజిల్ చల్లగా, చిక్కగా ఉన్నది. సెన్సరు వేడి అంటున్నది. కంప్యూటరు ఇంజెక్టరును ఎక్కువసేపు తెరుస్తున్నది, చిక్కటి డీజిల్ ఎక్కువ పడి నల్లపొగ వస్తున్నది. గంట నడిచాక డీజిల్ నిజంగా కొంత వేడెక్కేసరికి సెన్సరు నూరు దాటించి చెబుతున్నది. కంప్యూటరు భయపడి బలం కోస్తున్నది. బండి రెండో గేరులో ఈడుస్తున్నది, ఆగుతున్నది, మళ్ళీ కదులుతున్నది. రెండు వైపులా డీజిల్ దండుగే. ఒకే బండికి పొద్దున ఒక రోగం, మధ్యాహ్నం దానికి విరుద్ధమైన రోగం ఉన్నదంటే మనం నమ్మలేదు.

2020 ఏప్రిల్ 1 తరువాత అమ్మిన బి.ఎస్.6 డీజిల్ బండ్లలో ఈ నల్లపొగ బయటికి కనిపించకపోవచ్చునని ఉస్తాద్ చెప్పాడు. సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, పొగ అక్కడ చిక్కుకుంటుంది. ఆ ఫిల్టరు మాటిమాటికీ నిండుతుంటే ఇటువైపు కూడా చూడాలి.

ఒక సందేహం మీకు రావాలి. డీజిల్ నిజంగానే వేడెక్కి ఉంటే? అది కూడా జరుగుతుంది. కామన్ రైల్ ఇంజనులో వాడగా మిగిలిన డీజిల్ వేడిగా ట్యాంకుకు తిరిగి వస్తుంది. ట్యాంకులో అడుగున నాలుగు లీటర్లే ఉంటే, మే నెల ఎండలో, అవే నాలుగు లీటర్లు తిరిగి తిరిగి కాగుతాయి. అప్పుడు సెన్సరు నిజమే చెబుతున్నది, కంప్యూటరు పంపును కాపాడుతున్నది. అందుకే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడూ నీరసమేనా అని అతను ముందే అడిగాడు. దూరం నుంచి వేడి కొలిచే తుపాకీ వంటి పరికరం ఇప్పుడు చాలా షెడ్లలో ఉంది. దాన్ని సెన్సరు ఉన్న గొట్టం మీద పట్టి, స్కానరు అంకెతో పోల్చితే తేలిపోతుంది. కొందరు కార్యదర్శులు పూటకు రెండు వందల రూపాయల డీజిల్ పోయిస్తారు, ఎక్కువ పోయిస్తే డ్రైవరు తీస్తాడని భయం. వేసవిలో పావు ట్యాంకుకు తగ్గనీయకండి.

ఇంకొక మాట గట్టిగా చెబుతాను. ఇంజను నడుస్తుండగా పంపు దగ్గర ఏ గొట్టం నట్టూ వదులు చేయకూడదు, చేతితో తడిమి చూడకూడదు. అక్కడి ఒత్తిడి వెయ్యి బార్లకు పైన కూడా పోతుంది. సన్నటి ధార చర్మంలో దూరిపోతుంది, చూడడానికి చీమ కుట్టినట్టు ఉంటుంది, చెయ్యి తీసేయవలసి రావచ్చు. పాత పంపులకు అలవాటుపడి గొట్టం వదులు చేసి గాలి తీసే మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. వారిని కామన్ రైల్ బండి ముట్టనీయకండి.

కొత్త సెన్సరు, కూలి కలిపి రెండున్నర వేల లోపే అయింది. బిల్లు మీద ఉస్తాద్ పాత సెన్సరును కాగితంలో చుట్టి డ్రైవరు చేతికిచ్చాడు. "ఇది దాచుకో, ఎవరైనా అడిగితే చూపించు" అన్నాడు. నా ముందే అన్నాడు.

తరువాతి నెలలో బండి లీటరుకు పదమూడున్నర ఇచ్చింది. 14 ఎందుకు రాలేదని నేను మళ్ళీ లాగ్ బుక్ తీశాను, అలవాటు. వెనక టైర్లలో గాలి తక్కువ. నా అభ్యంతరాన్ని ఉపసంహరిస్తూ కారణాలతో సహా అనుబంధ రిపోర్టు రాశాను. ఒకసారి రాసిన అభ్యంతరం వెనక్కి తీసుకోవడం మా శాఖలో ఎంత కష్టమో మీకు చెబితే నవ్వుతారు, మూడు చోట్ల వివరణ ఇచ్చుకున్నాను. పాలకవర్గం రికవరీ రద్దు చేస్తూ తీర్మానించింది. అప్పటికే ఒక నెల జీతంలో పట్టుకున్న నాలుగు వేలు తిరిగి ఇచ్చారు. పాల కోత సొమ్ము మాత్రం సభ్యులకు తిరిగి రాలేదు, దానికి తగిన నిధి ఆ సంఘంలో లేదు. 38 వేల బిల్లు సంగతి వర్క్‌షాపుతో ఉత్తరాల మీద నడిచింది. ఆరు వేలు తగ్గించారు.

ఆ సంఘం లాగ్ బుక్‌లో ఇప్పుడు రెండు గడులు ఎక్కువ గీశారు. ఒకటి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని వారం వారం. రెండోది, "డ్రైవరు చెప్పినది" అని. పొగ, శబ్దం, నీరసం, ఏది చెబితే అది అతని మాటల్లోనే కార్యదర్శి రాయాలి, తేదీ వేయాలి. నెలకొకసారి తెల్లవారి ఇంజను వేయకముందు మూడు వేడి రీడింగులు కూడా అందులోనే రాస్తున్నారు. ఈమధ్య చిన్న స్కానర్లు చవకగా వస్తున్నాయి, నాలుగైదు సంఘాలు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. ఆ లాగ్ బుక్ పేజీ నమూనా పది కాపీలు తెచ్చాను. కావలసినవారు టీ విరామంలో నా దగ్గర తీసుకోండి.